పాతపట్నంలో మోనాలిసా, పక్కనే గుండిగ

పారిస్ వెళ్లి మోనాలిసాను చూసొచ్చినవాళ్లు మా వీధిలో ఇద్దరున్నారు. ఇద్దరూ చెప్పేది ఒకటే. గంటలకొద్దీ వరసలో నిలబడ్డారట. అద్దం వెనకాల బొమ్మ, బొమ్మ ముందు తలకాయలు, తలకాయల మీద ఫోన్లు. గోడమీద బొమ్మకన్నా ముందువాడి ఫోన్లో బొమ్మే బాగా కనిపించిందట. అంత డబ్బు పోసి పరాయివాడి ఫోన్లోకి తొంగిచూసి వచ్చినందుకు వాళ్లిద్దరికీ వీధిలో ఇప్పటికీ గౌరవం.

నేను పాతపట్నంలో చూశాను. వరస లేదు, టిక్కెట్టు లేదు, అద్దం లేదు. కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చారు. కాకపోతే ఆవిడకు నుదుట రూపాయంత బొట్టు, కాటుకతో దిద్దిన కనుబొమలు, ముక్కుకి ఒంటిరాయి ముక్కుపుడక ఉన్నాయి. పారిస్‌లో ఆవిడకు ఇవేవీ పెట్టలేదని విన్నాను. ఎవరి సంప్రదాయం వాళ్లది.

విజయనగరం

గంటస్తంభం దగ్గర మాది ఇత్తడి సామాన్ల కొట్టు. తాతల నాడు కొత్త బిందెలు అమ్మేవాళ్లం. ఇళ్లలోకి స్టీలు వచ్చాక ఆ బిందెలే పాతవై మా కొట్టుకి తిరిగి వచ్చాయి. ఇప్పుడు విశాఖపట్నం హోటళ్లవాళ్లు వాటిని తోమొద్దని బతిమాలి మరీ, మసితో సహా పట్టుకుపోతున్నారు. ఒకే బిందె మీద మూడు తరాలు లాభం తిన్న వంశం మాది.

మా నాన్న నాకు ఆస్తికన్నా ముందు ఒక చూపు ఇచ్చాడు. కొనదలచిన వస్తువు కేసి చూడకూడదు. దాని పక్కదాని కేసి చూడాలి. పక్కదాని ధర అడగాలి, పక్కదానికి వంకలు పెట్టాలి, లేచి గుమ్మం దాకా రావాలి. అప్పుడు చెప్పుల్లో కాలు పెడుతూ, ఏదో ఊసుపోక అడిగినట్టు, "ఇదెంత?" అని అసలుదాని ధర అడగాలి. ఈ విద్య నాకు ఎంత వంటబట్టిందంటే, పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకుని వదిలేసి అతని పక్కన కూర్చున్న బాబాయి కేసి చూస్తూ కూర్చున్నాను. మా ఆయన ఆ సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు. బాబాయిగారు కూడా మరిచిపోలేదని వినికిడి.

హోటళ్లకు అలంకారం చేసే ఒకావిడ ఈ మధ్య నన్ను "పాత దొరల కాలం బొమ్మ" ఒకటి కావాలని అడుగుతోంది. సరిగ్గా అప్పుడే పాతపట్నం నుంచి సింహాచలం ఫోన్ చేశాడు. అక్కడ సెల్‌ఫోన్ల కొట్టు నడుపుతున్న కుర్రాడు, ఇంతకు ముందు నాకు రెండు పాత దీపపు కుందులు అమ్మాడు. పెంకుటిల్లు పడగొట్టి డాబా వేస్తున్నానన్నాడు. నడవలో ఒక బొమ్మ ఉందన్నాడు. "మోనాలిసా అండి. రంగం నుంచి వొచ్చినాది. ఒరిజినలు కామోసు," అన్నాడు. రంగూన్‌ని మా వైపు రంగం అంటారు. బొమ్మ వాళ్ల మామ్మదట. ఆవిడ ఒప్పుకుందా అంటే ఒప్పుకుందన్నాడు. ఫోటో పంపాడు. సగం పూలదండే.

ఒరిజినలు పారిస్‌లో ఉందని నాకూ తెలుసు. కానీ పాత రంగుల బొమ్మ అయితే హోటలావిడ చెప్పిన ధరలో నాకు మిగిలేది, బిందెలమ్మితే రెండు నెలలకి కూడా రాదు. మంచీ చెడ్డా చెప్పడానికి మనిషి కావాలి కాబట్టి నెల్లిమర్లలో దిగి మా బావను ఎక్కించుకున్నాను.

నెల్లిమర్ల

మా మేనత్త కొడుకు సన్యాసిరావు బావ డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పిల్లలచేత మామిడిపండూ, కూజా, త్రివర్ణ పతాకం వేయించాడు. రిటైరయ్యాక ఫోన్లో వీడియోలు చూసి మోనాలిసా రహస్యాల మీద పట్టు సంపాదించాడు. జూటు మిల్లు ఎదుట టీ బడ్డీ దగ్గర ఆయన ఉపన్యాసం వినని కార్మికుడు లేడు. వాళ్లకి రెండు షిఫ్టులుంటే ఆయనకు మూడు.

బస్సు కదలగానే మొదలుపెట్టాడు. ఆవిడ కంటిపాపలో అక్షరాలున్నాయట. వెనక వంతెన కమానులో అంకె ఉందట. చేతులు పొట్టమీద అలా పెట్టుకుంది కాబట్టి కడుపుతో ఉందని కొందరు, కాదు కులీన స్త్రీ మర్యాద అని కొందరు అంటున్నారట. అసలు అది ఆడమనిషే కాదు, చిత్రకారుడు అద్దంలో తన్ను తాను చూసుకుని వేసుకున్నాడని ఇంకొందరట.

"ఎవరో చెప్పేదాకా ఆడో మగో తెలీని బొమ్మకి అంత పేరేంటి బావా?" అన్నాను.

"అదే గొప్పతనం మరదలా. తెలిసిపోతే ఇంకేటుంటాది సూడ్డానికి?"

కంటిపాపలో అక్షరాలు చదవడానికి భూతద్దం కూడా తెచ్చాడు. దానికి తోలు సంచీ, సంచీకి తాడు, తాడు మెడలో. పెళ్లికొడుకులా ఉన్నాడు.

రామతీర్థం

ఇంత దూరం వచ్చి రాముణ్ణి చూడకుండా పోతే బేరం పొసగదని దిగాం. దర్శనమయ్యాక బావ నన్ను బౌద్ధుల కొండ కేసి నడిపించాడు. ఇటుకల మధ్య నిలబడి, పెదవి చివర నవ్వు దాచడం మనవాళ్లు ఇటలీవాడికన్నా ముందే నేర్చారని చెప్పాడు. అక్కడ చూపించడానికి నవ్వే విగ్రహం ఏదీ కనబడలేదు. ఉన్నట్టు ఊహించుకోమన్నాడు. ఊహించుకున్నాను. ఖర్చు లేదు కదా.

దిగుతుంటే ఒక కోతి మా బావ మెడలో సంచీని ప్రసాదం అనుకుంది. ఒక్క గుంజుడుకి తాడు తెగింది. రాతిమీద కూర్చుని సంచీ విప్పి, భూతద్దం బయటికి తీసి, కొరికి చూసి, నచ్చక లోయలోకి విసిరేసింది. కొబ్బరిచిప్ప చూపించి బేరమాడుదామని నేను ముందుకు వెళ్లాను. చిప్పా తీసుకుంది. అలా నా జీవితంలో నన్ను నిలువునా ముంచిన వ్యాపారుల్లో ఆ కోతి ఒకటి. రెండో మనిషిని మర్నాడు కలిశాను.

కంటిపాపలో అక్షరాలు అలా శాశ్వతంగా రహస్యంగా మిగిలిపోయాయి.

శ్రీకాకుళం

రాత్రికి బావ చెల్లెలి ఇంట్లో దిగాం. పనసపొట్టు కూర, ఆవ ఘాటుకి కళ్లు తడయ్యాయి. మా విజయనగరంలో ఆవ కూరలో రుచికి పెడతాం. వీళ్లు చుట్టాలు ఎక్కువ రోజులు ఉండకుండా పెడతారు. పొద్దున్న చోడి అంబలి, అంటే రాగి అంబలి, ఉల్లిపాయ. మా కొట్టుకి వచ్చే హోటలావిడ ఇదే అంబలిని గాజుగ్లాసులో పోసి, పైన పుదీనా ఆకు గుచ్చి, రెండువందల యాభైకి అమ్ముతుంది. ఆ మాట చెబితే మా వదిన నమ్మలేదు. "ఆకుకేనా అంత?" అంది.

పాతపట్నం

ఒడిశా గట్టు పక్కనే ఉన్న ఊరు. బస్సులో సగం మాట తెలుగు, సగం ఒడియా. తిట్టు మాత్రం ఎవరికి ఏది ముందొస్తే అది. సింహాచలం స్టాండు దగ్గరికి వచ్చి ఇంటికి తీసుకెళ్లాడు. అప్పటికే ఇంటి వెనక సగం పడగొట్టేశారు. నడవా, ఒక గదీ మిగిలాయి. నడవలో గోడకి బొమ్మ. బొమ్మ పక్కన అరుగు మీద బోర్లించిన ఇత్తడి గుండిగ. గుండిగ పక్కన పీట మీద సింహాచలం మామ్మ గౌరమ్మ.

ఆవిడ నా కేసి చూసి, "నువ్వేనా కొనడానికి వొచ్చినావు? నానేటీ అమ్మట్నేదు," అంది.

సింహాచలం నేల చూపులు చూశాడు. మామ్మ ఒప్పుకోలేదని తేలిపోయింది. కొత్త డాబాలో టీవీ గోడ, దేవుడి గోడ, అల్మరా గోడ అన్నీ అయిపోయాయనీ, బొమ్మకి చోటు లేదనీ, కోట్లు వచ్చే వస్తువుని పొగ గోడకి వేలాడదీసుకోవడం తెలివితక్కువనీ నాతో అన్నాడు. మామ్మతో అనడానికి ధైర్యం చాలక నాతో అన్నట్టుంది. బొమ్మ పోతే తను తిండి మానేస్తానని మామ్మ వారం నుంచి అంటోందట. అన్నంతపని చేసే మనిషట.

నేను మా నాన్న చెప్పినట్టు బొమ్మ కేసి చూడనేలేదు. గుండిగ దగ్గరికి వెళ్లి, కొట్టి, మోత విన్నాను. అడుగున చిల్లుకి మాటు వేసి ఉంది. "ఎంత పాతది మామ్మా?" అన్నాను.

బావకి ఇలాంటి విద్యలు లేవు. తిన్నగా బొమ్మ ముందుకు వెళ్లి గుండెమీద చెయ్యి వేసుకున్నాడు.

"ఈ కనుబొమలేటి?"

"నానే గీసినాను," అంది గౌరమ్మ. "శుక్రారం శుక్రారం కాటుక పెడతాను. కనుబొమలు నేకుండా ఆడకూతుర్ని నలుగురిలో ఎలాగ నిలబెడతారు?"

ఆవిడకి కనుబొమలు మొదట్నుంచీ లేవా, తుడిచి తుడిచి చెరిగిపోయాయా అని దేశదేశాల పండితులు తగువులాడుకుంటున్నారని బావ చెప్పాడు. గౌరమ్మ జాలిగా విని, కాటుక భరిణె చూపించింది. కావాలంటే వాళ్లకి పంపమంది.

బావ దగ్గర నుంచి చూసి, ఇది అచ్చు కాదనీ, గుడ్డ మీద నూనె రంగులతో ఎవరో చెయ్యి తిరిగినవాడు వేసిన నకలనీ తేల్చాడు. అక్కడితో ఆగితే బాగుండేది. బొమ్మ వెనక కొండలూ నీళ్లూ చూపించి, ఎడమవైపు నేల కిందకీ కుడివైపు నేల పైకీ ఉన్నాయి చూడండన్నాడు. అందుకే ఒక వైపు నుంచి చూస్తే మనిషి నిటారుగా లేచినట్టు ఉంటుందట. అది మహేంద్రతనయ ఏరనీ, ఆ వంతెన మీంచే పర్లాకిమిడి సంతకి వెళ్తారనీ చిన్నప్పటినుంచి అనుకుంటున్నానని సింహాచలం అన్నాడు. బావ నొచ్చుకున్నాడు.

తరవాత నవ్వు దగ్గరికొచ్చాడు. ఇదొక్కటి మాత్రం మా బావ బాగా చెప్పాడు, ఒప్పుకోవాలి. ఆ చిత్రకారుడు పెదవికి గీత గీయలేదు. పల్చటి రంగు ఆరబెట్టి, దాని మీద ఇంకో పల్చటి రంగు, మళ్లీ ఇంకోటి. వెలుగు ఎక్కడ ఆగిందో నీడ ఎక్కడ మొదలైందో కన్ను పట్టుకోలేదు. అందుకే మూతి కేసి తిన్నగా చూస్తే నవ్వు మాయమవుతుంది. చూపు పక్కకి తిప్పితే, ఓరగా, నవ్వుతుంది.

అప్పుడు నాకు తట్టింది. ఇంతసేపూ గుండిగ కేసి చూస్తున్నది నేనొక్కదాన్నే. నా కంటికొసకి ఆ బొమ్మ వచ్చినప్పటి నుంచీ నవ్వుతూనే ఉంది. మా నాన్న విద్య అయిదువందల ఏళ్లనాటి ఇటలీవాడికి తెలుసన్నమాట. ఓరగా చూసే బేరగాళ్ల కోసమే వాడు ఆ మూతి వేసి పెట్టినట్టుంది.

"ఈ పద్ధతికి వాళ్ల భాషలో స్ఫుమాతో అని పేరు," అన్నాడు బావ. "అంటే పొగ. పొగలాగ కలిసిపోవడం."

గౌరమ్మ పీట మీంచి లేచింది. "ఏటన్నావు బాబు?"

"పొగ, మామ్మా."

"మరి అది పొగే కదా," అంది ఆవిడ. "ఇన్నాళ్లకి ఒక్కడు సెప్పినాడు."

చీర చెంగులోంచి చుట్ట తీసింది. వెలిగించింది. రెండు పీల్పులు పీల్చి, నిప్పున్న కొసని నోట్లోకి తిప్పి పెట్టుకుంది. అడ్డపొగ. మా వైపు పాతకాలం ఆడవాళ్లు తాగేది అలాగే. డాక్టర్లు వద్దని మొత్తుకుంటారు. నిప్పు నోటిలోపల, చల్లటి కొస బయట. కాసేపు అలా పీల్చి, పెదాలు దగ్గర పెట్టి మా కేసి చూసింది.

గోడమీద ఒకటి, గోడకింద ఒకటి. రెండూ ఒకే నోరు.

చుట్ట తీసి, ఆవిడ చెప్పింది. "లోపల నిప్పుంటాది. నవ్వితే కాల్తాది. నవ్వకుండా ఉండడానికి మనసొప్పదు. అందుకని ఇలాగుంటాది మూతి."

అడ్డపొగ గురించి బావ చూసిన ఏ వీడియోలోనూ లేదు.

గౌరమ్మ నాన్న రంగంలో ధాన్యం మిల్లులో పనికి వెళ్లాడట. ఆయన అక్కడుండగానే ఇక్కడ ఆవిడ తల్లి పోయింది. అప్పటికి గౌరమ్మ పాకుతోంది. తల్లికి ఫోటో లేదు. రంగంలో ఒక దొర ఇల్లు ఖాళీ చేస్తూ సామాను అమ్ముతుంటే ఆయన ఈ బొమ్మను కొని, పడవలో గోనె చుట్టి తెచ్చాడు.

"మాయమ్మ కాదని నాకు తెల్దేటి?" అంది గౌరమ్మ. "మాయమ్మ ఈ గౌనులేటి, ఈ ఇరబోసిన జుట్టేటి. మాయయ్య నన్ను ఎత్తుకుని సూపించి సెప్పినాడు. ముకం కాదు గుంటా, మూతి సూడు, మూతి మీయమ్మది అన్నాడు. నాను మూతే సూత్తాను. తతిమ్మాది ఎవులిదైతే నాకేటి?"

నేను గుండిగని ఇంకోసారి కొట్టాను. ఏదో ఒకటి చెయ్యాలి కదా.

సింహాచలం మాత్రం తేరుకుని అసలు సంగతి అడిగాడు. నకలైనా పాతదే కదా, ఎంత పలుకుతుందన్నాడు. ఇక నా పని మొదలైంది. అవతలివాడు కోట్లనుకుంటున్నప్పుడు ముందు వాణ్ణి నేలమీదకి దించాలి. కాబట్టి వంకలు ఎత్తాను. ఇది నకలు, వేసినవాడి పేరు లేదు.

"అవును, నేదు," అంది గౌరమ్మ. "ఇంకేటి?"

నుదుట కుంకం రంగులోకి ఇంకిపోయింది, ఇక పోదు అన్నాను.

"పోదు. నూనె బొట్టది. ఇంకేటున్నాది, సెప్పు తల్లీ."

కాటుక కింద రంగు పెచ్చులు లేచింది. ముక్కుపుడక కోసం ఎవరో సూదితో గుడ్డకి చిల్లు పెట్టారు.

"నానే పెట్టినాను. ఎనక్కి తిప్పి సూపించేటి? సెద పట్టినాది."

తిప్పి చూపించింది. మూల చెద ఉంది. దాన్ని కూడా నా జాబితాలో చేర్చుకున్నాను. ఇంతగా సహకరించే అమ్మకందారుని నా జన్మలో చూడలేదు. ఆ ఊపులో, పొగకి రంగు మాడిపోయిందనీ, హోటళ్లవాళ్లు ముట్టుకోరనీ, ఫ్రేములో చెక్కకి మాత్రం ఐదొందలు ఇస్తాననీ అన్నాను. ఐదొందలు మొదటి మెట్టు. అతను పదివేలంటాడు, నేను లేస్తాను, గుమ్మం దగ్గర ఆగుతాను. ఎక్కడ ఆగాలో కూడా నిర్ణయించుకున్నాను.

సింహాచలం నా కేసి, బొమ్మ కేసి, మామ్మ కేసి చూశాడు. గట్టిగా నవ్వేశాడు.

"ఐదొందలకోసం ఈవిడతో తగువెందుకండి. మామ్మా, నీ బొమ్మ నువ్వే ఉంచుకో. కొత్తింట్లో నీ గదిలో మేకు కొట్టిస్తాను."

ఇప్పుడు ధర పెంచితే ఇంతవరకు చెప్పినదంతా అబద్ధమని ఒప్పుకున్నట్టు. పెంచితే అతనికి మళ్లీ కోట్లు గుర్తొస్తాయి. మా వంశంలో ఎవరూ తమ వంకల కింద తామే పడి చావలేదు.

అలవాటు కొద్దీ లేచి గుమ్మం దాకా వెళ్లాను. చెప్పుల్లో కాలు పెట్టాను.

"ఓలమ్మ, ఒట్టి సేతుల్తో ఎల్లిపోతావేటి?" అంది వెనకనుంచి గౌరమ్మ. "వొచ్చిన కాడ్నుంచి గుండిగ కేసే సూత్తన్నావు. అంత మనసు పడ్డావు. పట్టుకెల్లు. రెండు వేలియ్యి."

మాటు వేసిన గుండిగ. కొట్టి చూసి, ఎంత పాతదని అడిగి, అరగంట దాన్నే చూసి ఉన్నాను. నాకు ఇది అక్కర్లేదని చెప్పాలంటే మరి దేనికోసం వచ్చానో చెప్పాలి.

రెండు వేలు ఇచ్చాను. ఒక్క రూపాయి తగ్గించమనలేదు. మా నాన్న బతికి లేకపోవడం ఆయన అదృష్టం.

వీధి మలుపులో వెనక్కి తిరిగాను. గౌరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చుట్ట మళ్లీ తిరగేసి పెట్టుకుంది. పెదాలు దగ్గరగా ఉన్నాయి.

తిరుగు బస్సు

గుండిగకి ఒక సీటు టిక్కెట్టు కొట్టమని కండక్టరు పట్టుబట్టాడు. ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సారవకోట దాటేదాకా నా బుర్ర వెలగలేదు. అప్పుడు వరసగా వినపడ్డాయి ఆవిడ మాటలు. ఇంకేటి, సెప్పు తల్లీ. ఎనక్కి తిప్పి సూపించేటి. మనవడు వింటుండగా బొమ్మ మీద నాచేత దుమ్మెత్తి పోయించింది. ఆవిడ వారం రోజులుగా తిండి మానేస్తానని బెదిరించినా కదలనివాణ్ణి, విజయనగరం నుంచి సొంత ఖర్చుతో వచ్చిన బేరగత్తె నోటితో కదిలించింది. పైగా కూలి నా దగ్గరే వసూలు చేసింది.

పక్కన బావ కిటికీలోంచి చూస్తూ, ఇన్ని వందల ఏళ్లయినా ఆవిడ ఎందుకు నవ్విందో లోకంలో ఒక్కరికీ తెలియకపోవడం ఎంత విచిత్రమో అంటున్నాడు. నేను గుండిగ కేసి చూస్తూ కూర్చున్నాను.

కొట్టుకి వచ్చేసరికి మా ఆయన గల్లా దగ్గరున్నాడు. గుండిగ అందుకుని, తిరగేసి, మాటు మీద వేలు పెట్టి, అనుమానంగా అడిగాడు.

"ఎంతకి కొన్నావు?"

నేను పెదాలు దగ్గర పెట్టాను.

"నవ్వుతావేంటి?"

"నవ్వట్లేదు," అన్నాను.